ఎండాకాలంలో నాన్నకు నీళ్లు తగ్గించమన్నారు, ఇదేం వైద్యం?

రేణిగుంట_జంక్షన్
మా నాన్నకు 71 ఏళ్లు. బీపీ మాత్ర తప్ప వేరే మందు లేదు. ఉగాది దాటాక తిరుపతి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఎవరో ఫోనుకు పంపిన సందేశం చదివి, పొద్దున లేవగానే లీటరున్నర, ఆ తర్వాత గంటకో చెంబు చొప్పున రోజుకు ఐదారు లీటర్లు తాగడం మొదలుపెట్టారు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. పోయిన వారం తల తిరుగుతోందన్నారు, వాంతి వచ్చేలా ఉందన్నారు, రాత్రి బాత్రూముకు వెళ్తూ పడిపోయారు. మాట తడబడుతోంది. చూడటానికి వచ్చిన పక్కింటాయన వడదెబ్బ అని తేల్చేసి ఇంకో రెండు చెంబులు తాగించారు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం 121. డాక్టరు చెప్పిన మొదటి మాట: “నీళ్లు తగ్గించండి, ప్రస్తుతానికి రోజుకు లీటరు మించవద్దు.”
ఈ ఎండల్లో నీళ్లు తగ్గించడమా? పైగా ఉప్పు తక్కువైందన్నప్పుడు ఉప్పు సెలైన్ ఎక్కించి ఒక్క పూటలో పంపేయకుండా రోజుల తరబడి ఉంచుకున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం తీయడం. బిల్లు కోసమేనని మా బావ అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

పుత్తూరు_కట్టు
పడిపోయారన్నారు, ఎముక ఏదీ విరగలేదు కదా? విరిగితే కట్టు కట్టడానికి మా ఊరు ఉండనే ఉంది.

రేణిగుంట_జంక్షన్
విరగలేదన్నా. మోకాలు గీసుకుపోయింది, అంతే.

ప్రకృతి_బాట
నీళ్లంటే డాక్టర్లకు ఎందుకింత భయమో అర్థం కాదు. శరీరంలో 70 శాతం నీరే. ఎంత తాగితే అంత మలినం బయటకు పోతుంది. నేను ఏళ్లుగా రాగి చెంబుతో పొద్దున్నే లీటరు తాగుతున్నాను, ఒక్క మాత్ర వేసుకోలేదు. మీ నాన్నగారికి ఏదో మందు పడలేదు, నింద నీళ్ల మీద వేస్తున్నారు.

జీవశాస్త్రం_అయ్యవారు
ప్రకృతి_బాట గారూ, 70 శాతం కాదు. ఎదిగిన మగవారిలో సుమారు 60 శాతం, ఆడవారిలో 50 నుంచి 55, పుట్టిన బిడ్డలో 75 దాకా. వయసు మీద పడ్డాక కండ తగ్గుతుంది కాబట్టి నీటి శాతమూ తగ్గుతుంది.
అసలు సంగతి ఆ నీరు ఎక్కడుందన్నది. 70 కిలోల మనిషిలో సుమారు 42 లీటర్లు. అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు బయట. రక్తంలోని ప్లాస్మా మూడు లీటర్లే. సోడియం ప్రధానంగా కణాల బయట ఉంటుంది, లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్. పొటాషియం లోపల ఉంటుంది. ఈ రెంటి మధ్య పొర నీటిని ఇటూ అటూ వదులుతుంది, ఉప్పును వదలదు. బయటి ద్రవం పలచబడితే నీరు కణాల్లోకి దూరుతుంది, కణాలు ఉబ్బుతాయి. కాలి వేళ్లలో కణం ఉబ్బితే పెద్దగా ఏమీ కాదు. మెదడు మాత్రం పుర్రె అనే గట్టి డబ్బాలో ఉంది, ఉబ్బడానికి చోటు లేదు. తల తిరగడం, వాంతి, మాట తడబాటు, చివరికి ఫిట్స్, అన్నీ అందుకే. 121 అంటే ఉప్పు కరిగిపోయిందని కాదు, చాలా సందర్భాల్లో నీళ్లు ఎక్కువయ్యాయని.

మదనపల్లె_టమాటా
అయ్యవారి పాఠం విన్నాక తెలిసింది. టమాటాలో 94 శాతం నీరేనట. ధర పడిపోయిన ఏడు మేము రోడ్డు మీద పారబోసింది నీళ్లేనన్నమాట. మనసు కొంచెం కుదుటపడింది.

నైట్_డ్యూటీ_సిస్టర్
రేణిగుంట తమ్ముడూ, మీ బావగారికి ఇది చూపించు. సోడియం మెల్లగా పడిపోయినప్పుడు మెదడు కణాలు ఉబ్బు తగ్గించుకోవడానికి తమలోని కొన్ని పదార్థాలను బయటకు తోసేసి సర్దుకుంటాయి. అప్పుడు మనం ఒక్కసారిగా సోడియం పెంచితే నీరంతా కణాల్లోంచి బయటకు లాగబడుతుంది. నరాల మీది తొడుగు దెబ్బతింటుంది. కాళ్లూ చేతులూ పడిపోవచ్చు, మింగలేకపోవచ్చు, అది మళ్లీ బాగవుతుందన్న భరోసా లేదు. అందుకే 24 గంటల్లో 8 నుంచి 10 మిల్లీమోల్స్ మించి పెరగనివ్వరు. ఫిట్స్ వచ్చినా స్పృహ తప్పినా 3 శాతం ఉప్పు ద్రావణం కొద్దికొద్దిగా ఇస్తారు, అదీ గంటగంటకూ చూసుకుంటూ. పొద్దునా సాయంత్రం రక్తం తీసింది ఎంత పెరిగిందో చూడటానికే. బిల్లు సంగతి నాకు తెలియదు, వైద్యం మాత్రం సరిగ్గానే చేశారు.
రెండు ప్రశ్నలు. బీపీ మాత్ర అట్ట మీద ఏమని రాసి ఉంది? ఆయన తిండి ఎలా తింటున్నారు?

రేణిగుంట_జంక్షన్
అట్ట మీద రెండు పేర్లున్నాయి అక్కా, రెండోది హైడ్రోక్లోరోథయజైడ్. తిండి అంటారా, బీపీ వచ్చినప్పటి నుంచి ఉప్పు దాదాపు మానేశారు. ఎండలు మొదలయ్యాక ఆకలి లేదంటూ పొద్దున రెండిడ్లీలు, రాత్రికి పలచటి గంజి. శనివారం ఒంటిపూట. పప్పు, కూర ముట్టడం లేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
అదే అనుకున్నాను. నీళ్లు ఒక్కటే చేసిన పని కాదు ఇది. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో ఉప్పును పంపించే మందు, మూత్రాన్ని పలచన చేసే శక్తినీ తగ్గిస్తుంది. పెద్దవాళ్లలో సోడియం పడిపోవడానికి తరచుగా కనిపించే కారణాల్లో ఇది ఒకటి.
ఇక తిండి. ఇది చాలామందికి తెలియదు. మూత్రపిండం ఉత్త నీళ్లను బయటకు పంపలేదు. ప్రతి లీటరు మూత్రంలో ఎంతో కొంత ఉప్పు, యూరియా ఉండితీరాలి. బాగా తినేవాళ్లకు రోజుకు 600 నుంచి 900 మిల్లీఆస్మోల్స్ (నీటిలో కరిగి ఉన్న రేణువుల కొలత) వ్యర్థాలు తయారవుతాయి. ఆరోగ్యమైన మూత్రపిండం లీటరుకు 50 దాకా పలచన చేస్తుంది కాబట్టి పన్నెండు లీటర్లు తాగినా తోసేయగలదు. మీ నాన్నగారు తినేది ఇడ్లీ, గంజి. వ్యర్థం 300 అనుకుందాం. వయసు, మాత్ర వల్ల పలచన 150 దగ్గరే ఆగిపోయింది అనుకుందాం. 300ను 150తో భాగించండి, రెండు లీటర్లు. అంతకు మించి తాగిన ప్రతి చెంబూ, చెమటగా పోయింది పోగా, లోపలే మిగిలింది.
మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మార్చారో లేదో కాగితంలో చూడండి.

రేణిగుంట_జంక్షన్
మార్చారు. కొత్తది ఒకే పేరుతో ఉంది. రోజూ గుడ్డు తినిపించమని కూడా రాశారు, మా ఇంట్లో అది జరగదు. పప్పు పెడుతున్నాం.

నైట్_డ్యూటీ_సిస్టర్
పప్పు, పెరుగు సరిపోతాయి. యూరియా వచ్చేది మాంసకృత్తుల నుంచే, గుడ్డుకు ప్రత్యేక హక్కేమీ లేదు.

పీలేరు_రాయి
ఇదంతా చదివి జనం నీళ్లు మానేస్తారేమోనని నా భయం. రెండుసార్లు కిడ్నీలో రాయి వచ్చిన మనిషిని నేను. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు, గోడను పట్టుకుని నిలబడి ఏడ్చాను. యూరాలజిస్టు చెప్పింది ఒకటే, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. తాగేది కాదు, వచ్చేది. ఈ ఎండలో అంత రావాలంటే మూడున్నర నాలుగు లీటర్లు తాగాలి.

జీవశాస్త్రం_అయ్యవారు
మీకు అది అక్షరాలా నిజం. ఇటలీలో రాయి ఒకసారి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించి 1996లో ప్రచురించారు. ఎక్కువ నీళ్లు తాగినవారిలో 12 శాతం మందికే మళ్లీ రాయి వచ్చింది, మామూలుగా తాగినవారిలో 27 శాతం మందికి. మీ వయసు, మీ తిండి, మీ మూత్రపిండం వేరు. ఆ పెద్దాయనవి వేరు.

పీలేరు_రాయి
మా వైపు బోరునీళ్లు. కాగితే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అదే లోపలా కడుతోందని మా ఆవిడ పాలూ పెరుగూ కూడా మాన్పించింది.

నైట్_డ్యూటీ_సిస్టర్
అయ్యో, పెరుగు ఎందుకు మాన్పించారు! ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వి. తిండిలో కాల్షియం ఉంటే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసుకుని మలంతో పంపేస్తుంది. కాల్షియం మానేస్తే ఆక్సలేట్ తాపీగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. పెరుగన్నం తినండి. ఉప్పు తగ్గించండి, మూత్రంలో కాల్షియం పెంచేది అది. నిమ్మరసం మంచిది, అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా అడ్డుపడుతుంది.

పీలేరు_రాయి
ఈ పోస్టును మా ఆవిడకు చదివి వినిపిస్తాను. నేను చెబితే నమ్మదు.

ఏర్పేడు_ఇంజినీరు
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నాను. ఇళ్లలో బిగించుకున్న ఆర్వో యంత్రాలే దీనికి కారణం. ఉప్పంతా తీసేసిన నీళ్లు తాగితే సోడియం పడక ఏమవుతుంది?

మందుల_అంగడి
లెక్క వేయండి సార్. ఒక చెంచా ఉప్పులో సుమారు రెండు వేల మిల్లీగ్రాముల సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఇంతకు మించవద్దంటున్నది కూడా అంతే, ఐదు గ్రాముల ఉప్పు. తాగే నీళ్లలో లీటరుకు ఉండేది మామూలుగా కొన్ని పదుల మిల్లీగ్రాములు. ఒక ఆవకాయ బద్ద ముందు మీ ఆర్వో యంత్రం ఏ మూలకు?

ఏర్పేడు_ఇంజినీరు
నీటి రుచి పోవడం మాత్రం నిజం. దాని మీద రాజీ లేదు.

అలిపిరి_నడక
తెల్లవారుజామున గాలిగోపురం దాకా ఎక్కి దిగడం నా అలవాటు. ఎంత తాగాలన్నది నేను తూకం మీద తేల్చుకుంటాను. బయలుదేరే ముందు తూచుకోవడం, ఇంటికి వచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ తూచుకోవడం. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. ఫిబ్రవరిలో అరకిలో కూడా తగ్గను, మే నెలలో కిలో పైమాటే. నల్ల టీషర్టు ఆరాక వీపు మీద ఉప్పు గీతలు తెల్లగా, కొండల పటం గీసినట్టు మిగులుతాయి. నాతో నడిచే ఆయన చొక్కా మీద అసలు గీతలే ఉండవు. ఒకే మెట్లు, ఒకే ఎండ.

జీవశాస్త్రం_అయ్యవారు
చెమటలో ఉప్పు మనిషిని బట్టి మారుతుంది, లీటరుకు 20 నుంచి 80 మిల్లీమోల్స్ దాకా. ఎండకు అలవాటు పడే కొద్దీ చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, ఉప్పు మాత్రం తక్కువ పోతుంది. ఇంకొకటి, కారి కింద పడిన చెమట చల్లబరచదు, ఒంటి మీద ఆరినదే చల్లబరుస్తుంది. గాలి ఆడని చోట, ఉక్కపోతలో ఎంత కారినా ప్రయోజనం లేకపోవడం అందుకే.

అలిపిరి_నడక
మెట్ల దారిలో బయటి ఊళ్ల భక్తులను చూస్తుంటాను. 3,550 మెట్లు అని విని భయపడి మొదటి వంద మెట్లలోనే సీసా ఖాళీ చేసేస్తారు. తర్వాత కడుపు పట్టుకుని కూర్చుంటారు.

జీవశాస్త్రం_అయ్యవారు
2002లో బోస్టన్ మారథాన్ పరుగువీరులు 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువ తేలింది. పరుగు ముగిసేసరికి బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లే అందులో ఎక్కువ. దారి పొడుగునా తాగుతూ పోయారు.

ప్రకృతి_బాట
మారథాన్లు, ఇటలీలు ఎందుకండీ. రోజుకు ఎనిమిది గ్లాసులన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. అదీ తప్పేనా?

జీవశాస్త్రం_అయ్యవారు
దాని పుట్టుక చెబుతాను. 1945లో అమెరికా ఆహార పోషకాహార మండలి పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్లు సరిపోతుందని రాసింది. ఆ వెంబడే, ఇందులో ఎక్కువ భాగం వండిన ఆహారంలోనే ఉంటుందని కూడా రాసింది. జనం మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారని చాలామంది అనుమానం. 2002లో హైంజ్ వాల్టిన్ అనే మూత్రపిండాల శాస్త్రవేత్త ఎనిమిది గ్లాసులకు ఆధారం కోసం వెతికి ఏదీ దొరకలేదని వ్యాసం రాశారు. మన సంగటి, పులుసు, మజ్జిగన్నం చూడండి. చాలా నీరు కంచంలోనే ఉంది.

ప్రకృతి_బాట
మరి దాహం వేసేసరికే ఆలస్యమైపోయిందంటారే?

జీవశాస్త్రం_అయ్యవారు
ఆరోగ్యంగా ఉన్నవారికి అది చెల్లదు. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడగానే మెదడులోని హైపోథాలమస్ పసిగట్టి వాసోప్రెసిన్ అనే హార్మోను వదులుతుంది. మూత్రపిండం నీటిని దాచుకోవడం మొదలుపెడుతుంది, దాదాపు అదే సమయంలో దాహమూ వేస్తుంది. నాలుగు గుక్కలు తాగగానే, ఆ నీరు రక్తంలో కలవకముందే, గొంతు, కడుపు పంపే కబురుతో దాహం తీరుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా ఫోనులో గంట మోగించుకుని తాగడం ఎందుకు?

నైట్_డ్యూటీ_సిస్టర్
అయ్యవారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. పెద్దవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు. మా వార్డుకు మే నెలలో వచ్చే ముసలివాళ్లలో నాలుక ఎండిపోయి, మత్తుగా పడుకుని కూడా దాహం లేదనేవాళ్లు ఉంటారు. మతిమరుపు ఉన్నవాళ్లు, మంచం దిగలేనివాళ్లు, రాత్రి లేవాల్సి వస్తుందని కావాలని తాగనివాళ్లు మరీను. వాళ్లకు వేళ పెట్టి ఇవ్వాల్సిందే. ఇవ్వడం అంటే చెంబులతో కాదు, అరగ్లాసు మజ్జిగ, అరగ్లాసు రాగి అంబలి అలా. ఎండలో కూలికి పోయేవాళ్లు కూడా దాహం కోసం ఎదురుచూడకూడదు.

జీవశాస్త్రం_అయ్యవారు
ఒప్పుకుంటాను. నేను చెప్పింది పడుచువాళ్లకు, నీడపట్టున ఉండేవాళ్లకు.

కుప్పం_కోడలు
నాలుగు నెలల పాప. ఎండకు నోరు ఎండుతుందని మా అత్తగారు గ్లాసులో వేలు ముంచి నీళ్లు నాకిస్తున్నారు. వద్దంటే కోపం. ఏం చెప్పాలి?

నైట్_డ్యూటీ_సిస్టర్
ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీరు వద్దు, ఎండాకాలంలో కూడా. పాలలో 87 శాతం నీరే. పాప మూత్రపిండాలు ఇంకా ముదరలేదు, నీళ్లు పట్టిస్తే ఈ చర్చలో మొదటి పోస్టులో జరిగిందే పాపకూ జరగవచ్చు. ఎండగా ఉంటే ఇంకోసారి పాలివ్వండి. నీళ్లు నువ్వు తాగమ్మా, బాలింతకు కావాలి.

కుప్పం_కోడలు
“మా కాలంలో అందరికీ పట్టాం, ఎవరూ చచ్చిపోలేదు” అంటారు.

పుత్తూరు_కట్టు
బతికినవాళ్లే కదా అలా చెప్పగలిగేది.

మందుల_అంగడి
ఎండాకాలం అంగడిలో నేను రోజూ పడే గొడవ ఒకటి రాస్తాను. విరేచనాలంటూ వచ్చి, రంగు పెట్టెలో పండ్ల రసంలా ఉండే పానీయం అడుగుతారు. అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. చక్కెర మితిమీరితే పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. దీని మీద హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు ఒకరు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఆదేశించింది.
అసలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఆ గ్లూకోజ్ రుచికి కాదు. పేగు గోడలో సోడియంనూ గ్లూకోజ్‌నూ జతగా లోపలికి లాగే ప్రోటీన్ ఒకటుంది, వాటి వెంట నీరూ వెళ్తుంది. కలరా ఆ దారిని చెడగొట్టలేదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి కుళాయి నుంచి పట్టుకెళ్లి తాగించమన్నారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయన పోయాక 2023లో పద్మ విభూషణ్ ఇచ్చారు.
ఒక్క మాట, పెద్ద ప్యాకెట్ పూర్తిగా లీటరు నీటిలోనే. గ్లాసులో మొత్తం గుమ్మరించి పిల్లలకు పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఉప్పు విషం.

నగరి_మగ్గం
ప్యాకెట్ దొరకని పల్లెలో?

మందుల_అంగడి
లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. ఉప్పు వేసిన అన్నం గంజి కూడా మంచిదే, అందులోని పిండి మెల్లగా గ్లూకోజ్‌గా మారుతుంది.

చిత్తూరు_గాంధీరోడ్డు
అందరూ ఎంత తాగాలో మాట్లాడుతున్నారు. మా ఆయనకు డయాలసిస్. ముందు రోజు వచ్చిన మూత్రానికి అరలీటరు కలిపి అంతే తాగాలి, మందులు మింగే నీళ్లూ కాఫీ చారూ అన్నీ అందులోనే. పొద్దున ఒక సీసాలో ఆ కొలత పోసి పెడతాను. చారు పోసుకుంటే అంత నీళ్లు సీసాలోంచి తీసి మొక్కకు పోస్తాను. ఎండాకాలం సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ సీసా వైపే చూస్తూ కూర్చుంటారు.

నైట్_డ్యూటీ_సిస్టర్
అక్కా, ఉప్పు ఇంకా తగ్గించి చూశారా? దాహాన్ని లేపేది ఉప్పే. అప్పడం, ఊరగాయ పూర్తిగా బంద్. నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి, చిన్న మంచుముక్క చప్పరించనివ్వండి, దాన్నీ లెక్కలో వేయండి. కొబ్బరినీళ్లు మాత్రం వద్దు, పొటాషియం ఎక్కువ, గుండెకు ప్రమాదం. చూడవచ్చినవాళ్లు ప్రేమగా బోండాలు తెస్తారు, అవి మీరు తాగేయండి.

చిత్తూరు_గాంధీరోడ్డు
అప్పడం దగ్గరే రోజూ యుద్ధం.

నగరి_మగ్గం
కాఫీ లెక్కలోకి రాదంటారు కదా, తాగినదానికంటే ఎక్కువ మూత్రం పోతుందని?

జీవశాస్త్రం_అయ్యవారు
అలవాటున్నవారికి మామూలు మోతాదులో అలా జరగదు. కాఫీ, టీ, మజ్జిగ అన్నీ లెక్కే. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు.

శ్రీకాళహస్తి_బస్సు
నాదొక సందేహం. 44 ఏళ్లు, డ్రైవరు ఉద్యోగం. రెండు నెలలుగా ఎంత తాగినా నోరు ఎండుతోంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నాను. మూత్రం మాత్రం నీళ్లలా తెల్లగానే ఉంది. బండి వేడి అనుకుని దారిలో నన్నారి షర్బత్ ఎక్కువ తాగుతున్నాను. తగ్గడం లేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
బరువు తగ్గారా?

శ్రీకాళహస్తి_బస్సు
బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించాను.

నైట్_డ్యూటీ_సిస్టర్
రేపు పొద్దున ఏమీ తినకుండా రక్తంలో చక్కెర చూపించుకోండి. చక్కెర మితిమీరి మూత్రంలోకి దిగితే తన వెంట నీటిని లాక్కుపోతుంది, అందుకే ఎంత తాగినా దాహం. వాయిదా వేయవద్దు.

శ్రీకాళహస్తి_బస్సు
ఇప్పుడే వచ్చింది. పరగడుపున 248. డ్యూటీకి సెలవు చెప్పి డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నాను. నీళ్లు తాగవచ్చా?

నైట్_డ్యూటీ_సిస్టర్
తాగండి, దాహం వేసినంత. మంచినీళ్లే. షర్బత్ వద్దు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఏవైనా ఉంటే వరుస వదిలేసి నేరుగా లోపలికి వెళ్లి చెప్పండి.